ప్రతి ఇల్లాలును వ్రాసికొనవలసిన లెక్క

సంసారమన్న పిదప లెక్కలు తప్పవు. పాలవాని లెక్క గోడమీది గీతలలో నుండును. చాకలిపద్దు తలుపువెనుక కాగితములో నుండును. బియ్యపుబస్తా ఎన్నడు విప్పితిమో, గ్యాసుబండ ఎన్నడు మార్చితిమో ఇల్లాలికి కంఠపాఠము. ఇన్ని లెక్కలను తప్పక నిలుపుకొను ఇల్లాలు తన దేహమునకు సంబంధించిన ఒక్క లెక్కను మాత్రము వ్రాయదు. "క్రిందటిసారి బహిష్టు ఏ తారీఖున వచ్చినదమ్మా?" అని వైద్యురాలు అడిగినచో మనలో చాలమందిమి "పండుగకు ముందో, వెనుకో" యని తడుముకొందుము.

ఈ లెక్క లేకపోవుటచే కలుగు నష్టము చిన్నది కాదు. పెండ్లియై మూడేండ్లు గడచినను నెల తప్పని కోడలు ప్రతి ఊరను ఉన్నది. ఆమెకు పేరు పెట్టనక్కరలేదు. మన పాఠకులందరును ఎరిగినదే. అత్తగారు నెలనెలా ఆమె తలస్నానమును కనిపెట్టుచుందురు. పేరంటమునకు పిలుచునప్పుడు ఇరుగుపొరుగువారు ఒక్క క్షణము తటపటాయింతురు. ఆ తటపటాయింపును ఆమె గ్రహించును. ఇంకొక యింట చంకలో పసిబిడ్డ నెత్తుకొన్న తల్లి కలదు. "ఈ దినములలో భయము లేదు" అని తోడికోడలు చెప్పిన మాటను నమ్మి ఆమె మరల గర్భవతియైనది. ఒకరికి బిడ్డ కావలెను, మరియొకరికి ఇప్పట్లో వద్దు. ఐనను ఇద్దరికిని తెలియనిది ఒక్కటే: నెలలో గర్భము నిలుచుట కవకాశమున్న దినము లేవి?

మేము ఈ వ్యాసమున చెప్పదలచినదియు ఒక్కటే. ఆ దినములను గడచిన బహిష్టునుండి ముందునకు లెక్కించుట పొరపాటు. వానిని రాబోవు బహిష్టునుండి వెనుకకు లెక్కింపవలెను. రాబోవునది ముందుగా తెలియదు గనుక ఎవరి లెక్కను వారు కొన్ని నెలలు వ్రాసి చూచుకొనవలెను. పొరుగామె లెక్క మనకు పనికిరాదు.

దేహములో జరుగు పని

స్త్రీకి గర్భాశయమున కిరుప్రక్కల రెండు అండాశయము లున్నవి. నెలకొకసారి వానిలో ఒకదానియందు ఒక అండము పక్వమై వెలువడి అండవాహికలో ప్రవేశించును. ఈలోగా గర్భాశయములో మెత్తని పొర యొకటి పెరుగుచుండును. అండము పురుషుని శుక్రకణముతో కలిసి పిండమై వచ్చినచో ఆ పొరయందు నాటుకొనును. పిండము రానిచో సుమారు రెండువారములలో ఆ పొర కరిగి రక్తముతో కూడ వెలువడును. అదియే బహిష్టు.

ఇందు గుర్తుంచుకొనవలసినవి రెండు కాలములు. వెలువడిన అండము 12 మొదలు 24 గంటలవరకే సజీవముగా నుండును. శుక్రకణములు మాత్రము అనుకూలమైన సమయమున స్త్రీ శరీరములో 5 దినములవరకును బ్రదికియుండగలవు. కావున అండము వెలువడు దినమును, దానికి ముందున్న 5 దినములును, వెరసి 6 దినములే గర్భధారణమునకు తగిన కాలము. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమునందు 221 మంది స్త్రీలను పరీక్షించి 1995 లో ప్రకటించిన పరిశోధనలో ఈ సంగతియే రుజువైనది. అండము వెలువడిన మరునాటి కలయికవలన ఆ స్త్రీలలో ఎవరికిని గర్భము నిలువలేదు.

అండము వెలువడిననాటినుండి తరువాతి బహిష్టువరకు గల కాలము సుమారు 14 దినములు. ఇది ఒకరికి 11, మరియొకరికి 16 కావచ్చును గాని మొత్తముమీద స్థిరమైనది. బహిష్టునుండి అండము వెలువడువరకు గల మొదటి భాగమట్లు కాదు. జ్వరము, ప్రయాణము, నిద్రలేమి, మనోవ్యధ, శరీరపు బరువు మారుట, వీనిలో దేనివలననైనను అది సాగవచ్చును, కుంచించుకొనవచ్చును. బహిష్టు ఆలస్యమైన దనగా చాలవరకు అండమే ఆలస్యముగా వెలువడినదని అర్థము.

పదునారు రాత్రుల లెక్క

మన పెద్దలకు ఈ విషయమున ఆలోచన లేకపోలేదు. ఋతుకాలము పదునారు రాత్రులని మనుస్మృతి చెప్పుచున్నది. అందు మొదటి నాలుగును, పదునొకండవదియు, పదుమూడవదియు వర్జ్యములు. మిగిలిన పదింటిలో సరిరాత్రులు పుత్రులకును, బేసిరాత్రులు పుత్రికలకును అని విభజించిరి. నేటికిని కొన్ని యిండ్లలో ఈ లెక్క ననుసరించియే ముహూర్తము పెట్టుచున్నారు. ఇందలి నిజమెంతయో ముగ్గురు స్త్రీలను ఉదాహరణముగా గైకొని చూతము. బహిష్టైన మొదటి దినమును 1 గా లెక్కింతము.

మొదటి యామెకు 24 దినముల కొకసారి బహిష్టు వచ్చును. 24 లో 14 తీసివేయగా 10. ఆమెకు సుమారు 10వ దినమున అండము వెలువడును. 5 మొదలు 10 వరకు ఆమె ఫలదినములు. రెండవ యామెకు 28 దినములు. ఆమెకు 9 మొదలు 14 వరకు. మూడవ యామెకు 35 దినములు. ఆమెకు 16 మొదలు 21 వరకు.

మొదటి యిద్దరికిని ఆ యారు దినములు పదునారు రాత్రుల లోపలనే పడినవి. కాని పెద్దలు వర్జ్యములన్న 11, 13 రాత్రులు రెండవ యామెకు మిక్కిలి అనుకూలమైనవానిలో చేరినవి. మూడవ యామెకో, ఆరింట ఐదు దినములు ఆ లెక్కకు వెలుపలనే పోయినవి. పదునారు రాత్రులును నియమముగా గడిపి, ఆ పిదప మగడు ఉద్యోగపు టూరికి తరలిపోయినచో ఆమెకు ఏండ్ల తరబడి గర్భము నిలువకపోవచ్చును. ఆమెయందు దోషము లేదు, మగనియందును లేదు. లెక్క తప్పినది, అంతే. ఆ తప్పునకు ఇంటివారు "గొడ్రాలు" అను పేరు పెట్టుచున్నారు.

సరిబేసి రాత్రుల మాట కేవలము నమ్మకమే. బిడ్డ ఆడుదియో మగవాడో తండ్రి శుక్రకణమునుబట్టి ఏర్పడును గాని రాత్రినిబట్టి కాదు. ఆడపిల్లను కన్నందుకు కోడలిని నిందించువారు ఈ యొక్క ముక్క నైనను జ్ఞప్తియందుంచుకొనవలెను.

వెనుకకు లెక్కించినవారు

జపానుదేశపు నీగాత నగరమున ఒగినో క్యూసాకు అను వైద్యుడుండెను. ఆయన శస్త్రచికిత్సల సమయమున స్త్రీల అండాశయములను పరిశీలించి, ఆ స్త్రీల బహిష్టు తారీఖులతో పోల్చి చూచెను. అండము రాబోవు బహిష్టునకు 12 మొదలు 16 దినముల ముందు వెలువడునని 1924 లో ప్రకటించెను. కొలది సంవత్సరములలోనే ఆస్ట్రియాదేశపు వైద్యుడు హెర్మన్ క్నౌస్ వేరుమార్గమున అట్టి నిర్ణయమునకే వచ్చెను. అంతవరకు లోకమంతయు ముందునకు లెక్కించుచుండగా వెనుకకు లెక్కింపవలెనని చూపుటయే వీరి ఘనత. ఒగినో ఈ లెక్కను బిడ్డలు కావలెనని కోరువారికై యుద్దేశించెను. ఇతరులు దానిని గర్భనిరోధమునకు వాడుకొనగా ఆయన దాని నామోదింపలేదు; అందు తప్పిపోవుట ఎక్కువయని హెచ్చరించెను.

ఆ హెచ్చరికలోని నిజము మన దేశమునందే తేలినది. మన ప్రభుత్వము 1952 లో కుటుంబనియంత్రణ పథకమును ప్రారంభించినప్పుడు ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృతకౌర్. ఆమె ఈ దినముల నియమమునే మెచ్చుకొనెను. ప్రపంచారోగ్యసంస్థ తోడ్పాటున అమెరికా వైద్యుడు అబ్రహాం స్టోన్ వచ్చెను. బెంగుళూరు చేరువనున్న రామనగరమునందును, ఢిల్లీలోని లోడీ కాలనీయందును ఈ పద్ధతిని పరీక్షించిరి. చదువురాని స్త్రీలకై రంగుపూసల మాలలు తయారుచేసి, దినమున కొక పూస జరుపుమనిరి. పూస రంగునుబట్టి దినము ఎట్టిదో తెలిసికొనవలెను.

ఆశించిన ఫలము చేకూరలేదు. కారణము లూహింపవచ్చును. పూస లెక్కింపగలదు గాని, ఈ నెల అండము నాలుగు దినములు ఆలస్యమైనదని అది ఎరుగదు. మరియు మాల భార్యచేతిలో నుండెను; నియమము పాటింపవలసినవా రిద్దరు.

పుస్తకము వ్రాయు విధము

ఒక చిన్న పుస్తకమును గాని, గోడ క్యాలెండరును గాని తీసికొనుడు. రక్తస్రావము చక్కగా ప్రారంభమైన దినమును 1 గా గుర్తుపెట్టుడు. మరల బహిష్టు వచ్చువరకు దినములు లెక్కించి ఆ సంఖ్యను వ్రాయుడు. ఇట్లు తక్కువలో తక్కువ 6 నెలలు వ్రాయవలెను.

తారీఖునకు తారీఖు పోల్చుకొనుట మన వాడుక. అది మోసగించును. ఒకామెకు 2025 వ సంవత్సరమున జనవరి 5, ఫిబ్రవరి 3, మార్చి 6 తారీఖులలో బహిష్టు వచ్చినదనుకొందము. "ఒకసారి రెండుదినములు ముందు, మరియొకసారి మూడుదినములు వెనుక; నాకు క్రమము లేదు" అని ఆమె దిగులుపడును. దినములు లెక్కింపగా మొదటిది 29, రెండవది 31. ఇది చక్కని క్రమమే. నెలలకు 28, 30, 31 దినము లుండుటచే వచ్చిన చిక్కు ఇది. తిథులనుబట్టి లెక్కించినను ఇట్టి చిక్కే వచ్చును; తిథికిని దినమునకును కొలత ఒక్కటి కాదు.

ఆరు నెలల సంఖ్యలలో అతి చిన్నదానినుండి 18 తీసివేయుడు. అది మొదటి ఫలదినము. అతి పెద్దదానినుండి 11 తీసివేయుడు. అది కడపటి ఫలదినము. ఒకామెకు అతి చిన్నది 26, అతి పెద్దది 31 అనుకొందము. 26 లో 18 పోగా 8. 31 లో 11 పోగా 20. ఆమెకు 8 మొదలు 20 వరకు గల దినములలో ఎప్పుడో ఆ యారు దినములు వచ్చును. చిన్నదానికిని పెద్దదానికిని భేద మెక్కువైనకొలది ఈ గడువు పెరుగును. భేదము మరీ యెక్కువగా నున్నవారికి ఈ లెక్క పనికిరాదు.

జ్వరము వచ్చినచో, దూరప్రయాణము చేసినచో ఆ సంగతియు వ్రాయుడు. వ్రతమునకో, ఇంట పెండ్లికో బహిష్టును వాయిదావేయు మాత్రలు మింగుట మన యిండ్లలో వాడుకయైనది. ఆ నెల సంఖ్యను లెక్కలో చేర్చరాదు.

దేహము చూపు గుర్తులు

లెక్క అంచనామాత్రమే. దేహము తానై కొన్ని గుర్తులు చూపును. అండము వెలువడు దినములు సమీపించినకొలది తెల్లని స్రావము పలుచనై, తేటయై, జారుచు, గ్రుడ్డులోని తెల్లసొనవలె వ్రేళ్లమధ్య తీగసాగును. ఆ జిగురే శుక్రకణములను కాపాడి లోనికి చేర్చును. తరువాత అది చిక్కబడి తగ్గిపోవును. దీనిని చూచి చాలమంది వ్యాధియని భయపడుదురు. వాసన, దురద, మంట లేనిచో అది ఆరోగ్యలక్షణమే.

రెండవ గుర్తు దేహపు వేడిమి. ఉదయము మేల్కొనగనే, పడకనుండి లేవకముందే, మంచినీరైన త్రాగకముందే థర్మామీటరు నాలుక క్రింద నుంచి చూచి వ్రాయవలెను. అండము వెలువడిన పిదప వేడిమి సుమారు అర డిగ్రీ మొదలు ఒక డిగ్రీ ఫారన్‌హీటు వరకు హెచ్చి, బహిష్టువరకు అట్లే నిలుచును. మూడు దినములు వరుసగా హెచ్చి యున్నచో అండము వెలువడినదని తెలియును. ఐతే ఇది జరిగినదానిని చెప్పును గాని జరుగబోవుదానిని చెప్పదు. రెండు మూడు నెలలు వ్రాసి చూచినచో తన క్రమము తనకు బోధపడును. తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించు ఇల్లాలికి, రాత్రి నాలుగుమారులు పాలిచ్చు తల్లికి ఈ పద్ధతి కష్టమని మే మెరుగుదుము. అట్టివారికి మొదటి గుర్తే మేలు.

నేడు మందుల అంగళ్లలో మూత్రమును పరీక్షించు పట్టీలు దొరకుచున్నవి. అండము వెలువడుటకు సుమారు 24 మొదలు 36 గంటల ముందు ఒక గ్రంథిరసము హెచ్చును. ఆ పట్టీ దానిని చూపును. అండాశయములలో నీటిబుడగల వ్యాధి యున్నవారికి మాత్రము ఇది తప్పుగా చూపవచ్చును. ఇక చేతిలోని ఫోను చెప్పు దినములన్నచో, చాలవరకు మన మిచ్చిన తారీఖుల సగటును గైకొని చెప్పునవే. ఫోను మన దేహములోనికి తొంగిచూడలేదు. తారీఖులు వ్రాసికొనుటకు దానిని వాడుకొనుడు. అది చెప్పిన దినమును వేదవాక్యముగా గొనకుడు.

బిడ్డ ఇప్పట్లో వద్దనువారికి

దినముల లెక్కను గర్భనిరోధమునకు నమ్ముకొనువారికి మా హెచ్చరిక ఒకటి కలదు. 26 మొదలు 32 దినముల క్రమము గలవారికై, 8 మొదలు 19 వరకు గల దినములను విడిచిపెట్టు నియమమొకటి ఏర్పడియున్నది. మన దేశమునందు కొన్నిచోట్ల మాలాచక్రమను పేర పంచిన పూసలమాల ఈ నియమము ననుసరించినదే. తప్పక పాటించినను నూరుమందిలో సుమారు ఐదుగురికి సంవత్సరములోగా గర్భము వచ్చును. సాధారణముగా పాటించువారిలో సుమారు పండ్రెండుగురికి వచ్చును. కాన్పైన క్రొత్తలోను, పాలిచ్చు దినములలోను, ఈడేరిన తొలియేండ్లలోను, ముట్లుడుగు వయసు సమీపించినప్పుడును ఏ లెక్కయు నిలువదు. కాన్పు పిదప మొదటి బహిష్టునకు ముందే అండము వెలువడవచ్చును. "బయట చేరలేదు గనుక భయము లేదు" అనుకొని మోసపోయినవారు అనేకులు. ఇక గర్భము వచ్చినచో ప్రాణాపాయమని వైద్యులు చెప్పినవారు ఈ లెక్కపై ఆధారపడనేరాదు. వేరు ఉపాయములు కలవు. వైద్యురాలి నడిగి నిర్ణయించుకొనవలెను.

బిడ్డ కావలెననువారికి

ఈ లెక్క దిగులును పెంచుటకు కాదు. అంతయు సక్రమముగా నున్నను ప్రతినెలయు గర్భము నిలువదు. నూరు జంటలలో ఎనుబదింటికి పైగా ఒక సంవత్సరములోగా ఫలము కలుగును. ఆ యొక్క దినమునే పట్టుకొనవలెనన్న ఆరాటమును అక్కరలేదు. రెండు మూడు దినముల కొకసారి దంపతులు కలిసియున్నచో ఆ యారు దినములు తప్పిపోవు. బిడ్డను కోరు దినములనుండియే వైద్యుల సలహాతో ఫోలిక్ ఆమ్లపు మాత్ర దినమునకు 400 మైక్రోగ్రాములు పుచ్చుకొనుట శిశువు వెన్నెముకకు మేలు.

ఒక సంవత్సరము గడచినను, స్త్రీ వయస్సు 35 దాటినచో ఆరునెలలు గడచినను, ఫలము లేనిచో వైద్యుల కడకు పోవలెను. 21 దినములకు లోపుగా గాని, 35 దినములకు మించి గాని బహిష్టు వచ్చువారు, మూడునెలలు రానివారు, వారము దాటి రక్తస్రావ మగువారు అంతకాలము వేచియుండరాదు. పోవునప్పుడు ఆ పుస్తకమును వెంట తీసికొని పొండు. ఆరునెలల తారీఖులు ఎదుట నున్నచో వైద్యురాలికి సగము సంగతి అప్పుడే తెలియును.

పోవునప్పు డిద్దరును పోవలెను. సంతానము కలుగని జంటలలో సుమారు సగమునందు పురుషునివైపునను కారణ మున్నదని వైద్యులు కనుగొనిరి. పురుషుని పరీక్ష సులభము, నొప్పిలేనిది, వ్యయము తక్కువ. ఐనను మన యిండ్లలో కోడలికి అన్ని పరీక్షలును, అన్ని మ్రొక్కులును అయిన పిదప గాని కుమారుని మాట ఎత్తరు. కొందరు ఎత్తకయే రెండవ పెండ్లి మాట ఎత్తుదురు. ఇది అన్యాయము.

అత్తగార్లకు మా విన్నపము. కోడలి తలస్నానమును లెక్కించుట మానుడు. ఆ లెక్క ఆమెది. ఆమె పుస్తకమును ఆమె పెట్టెలో నుండనిండు. మీకు నిజముగా మనుమని మీదనో మనుమరాలి మీదనో మనసున్నచో, కొడుకును కోడలిని కూడ పంపి వైద్యుల సలహా యడుగనిండు. తల్లులకు వేరొక విన్నపము. కూతురు ఈడేరిననాడు చిమ్మిలి యుండలతోబాటు ఒక చిన్న పుస్తకమును ఆమె చేతి కిండు. తారీఖు ఎట్లు వ్రాయవలెనో మీరే మొదటి గీత గీచి చూపుడు. పదేండ్లు పోయిన పిదప, పెండ్లియై అత్తవారింట నున్న ఆ బిడ్డకు, తన దేహమును గూర్చి యితరులు చెప్పిన మాటను నమ్మవలెనో మానవలెనో ఆ పుస్తకమే చెప్పును.